మా బెల్లం అచ్చు ఎక్కడ మారింది?

సరుకు మన గుమ్మం దాటాక ఎన్ని చేతులు మారుతుందో మనకు తెలియదు. మాట పడాల్సి వచ్చేది మాత్రం మనమే! ఆ చేతులన్నింటి లెక్కా తేల్చే ‘గొలుసు పద్దు’ గురించి చోడవరం నుంచి ఒక గృహిణి చెబుతున్న అనుభవం...

సంక్రాంతికి ఇంకా పది రోజులుంది. నేను వాకిట్లో కళ్లాపి చల్లుతున్నాను. విశాఖపట్నంలో మా దగ్గర బెల్లం కొనే దుకాణం నుంచి ఫోను వచ్చింది.

“ఏమ్మా, మందు వెయ్యని బెల్లం అన్నారు. ఈ పెట్టెలో ఉన్నది పచ్చగా మెరిసిపోతోంది. మా ఖాతాదారులు తిరిగిచ్చేస్తున్నారు. ఇదేనా మీ మాట?”

నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ బెల్లం వండిన పెనం పక్కన నిలబడింది మా అత్తగారు. నలభై ఏళ్లుగా ఆవిడ చేతిలో పాకం తప్పింది లేదు. ఆ రోజు ఆవిడ అన్నం తినలేదు.

మాది చోడవరం. 2022లో జిల్లాలు మారాక మేం అనకాపల్లి జిల్లా వాళ్లమయ్యాం గానీ, ఇప్పటికీ ఎవరైనా అడిగితే ‘విశాఖ జిల్లా’ అనే నోటికొస్తుంది. స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి, గోవాడ సహకార చక్కెర ఫ్యాక్టరీ, చుట్టూ చెరకు తోటలు... మా ఊరి పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేవి ఇవే. ఇక అనకాపల్లి బెల్లం మార్కెట్టు సంగతి చెప్పక్కర్లేదు.

మాకు రెండెకరాల చెరకుంది. నాలుగేళ్ల క్రితం మా పొదుపు సంఘంలో ఆరుగురం కలిసి చిన్న ప్రయత్నం మొదలుపెట్టాం. చెరకు రసం తెల్లబడటానికి చాలాచోట్ల ‘హైడ్రోస్’ అనే మందు వేస్తారు. ఇది బట్టల మిల్లుల్లో రంగు పోగొట్టడానికి వాడే రసాయనం. ఇది పడితే బెల్లం పచ్చగా, బంగారంలా కనిపిస్తుంది. మార్కెట్టులో రంగును బట్టే ధర! మందు వెయ్యని బెల్లం ముదురు రంగులో ఉంటుంది కాబట్టి ‘నల్ల బెల్లం’ అని తీసిపారేస్తారు. అందుకే మేం మార్కెట్టుకు తోలకుండా, బెండ కాండం జిగురుతో మడ్డి తీసి, కిలో అచ్చులు పోసి, నేరుగా దుకాణాలకు పంపిద్దాం అనుకున్నాం.

మా దగ్గర పెట్టుబడి తక్కువ. ఉన్న ఆస్తల్లా ‘వీళ్లు మందు వెయ్యరు’ అన్న మాటే. ఆ మాటే పోయింది!

నాకు తెలీదంటే నాకు తెలీదు

వెనక్కి వచ్చిన పెట్టె విప్పి చూశాం. మా అత్తగారు ఒక అచ్చు చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు.

“ఏటమ్మా ఇది? మన సేతి బెల్లం కాదిది. మన అచ్చు కింద గీతుంటాది. దీనికి గీతేదీ?”

నిజమే. మా అచ్చు చెక్కకి ఒక మూల పగులుంది. ఆ గీత ప్రతి అచ్చు మీదా పడుతుంది. దీని మీద లేదు. అంటే మా పెట్టెలో వేరే వాళ్ల బెల్లం చేరిందన్నమాట. ఎక్కడ?

వ్యాను అబ్బాయిని అడిగితే “నేను గోదాములో దింపేశానక్కా, తర్వాత నాకేం తెలుసు?” అన్నాడు. గోదాము వాళ్లు “వచ్చింది వచ్చినట్టే పంపాం” అన్నారు. దుకాణదారు “మాకు చేరిందే ఇది” అన్నాడు. అందరి దగ్గరా పుస్తకాలున్నాయి. ఒకరి పుస్తకంలో ఐదు పెట్టెలు, ఇంకొకరి పుస్తకంలో ‘బెల్లం - లోడు’ అని మాత్రమే. తేదీ ఒకచోట ఉంటే అంకె లేదు, అంకె ఉంటే సంతకం లేదు. మూడు రోజులు తిరిగినా తేలలేదు. డబ్బు మేమే వెనక్కి ఇచ్చాం. సంఘంలో ఎవరూ నన్ను పైకి ఏమీ అనలేదు. కానీ ఆ ఆర్డరు తెచ్చింది నేనే కదా! మీటింగులో చాపమీద కూర్చుంటే అందరి చూపులూ నామీదే ఉన్నట్టనిపించింది.

“మీ సంఘం పుస్తకమే పిన్నీ!”

పండక్కి మా తోడికోడలు కొడుకు హైదరాబాదు నుంచి వచ్చాడు. కంప్యూటరు ఉద్యోగం. భోజనాల దగ్గర మా గోడు విని, “దీనికి ఇప్పుడు బ్లాక్‌చెయిన్ అని ఒకటుంది పిన్నీ” అన్నాడు.

“అదేదో బిట్‌కాయిన్ జూదం కదరా?” అన్నాను నేను.

నవ్వాడు. “బిట్‌కాయిన్ దానితోనే పుట్టింది, నిజమే. 2008లో సతోషి నకమోతో అన్న పేరుతో ఎవరో రాసిన పత్రంలో ఆ పద్ధతి వచ్చింది. ఆ మనిషెవరో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. కానీ పద్దు రాసే ఆ పద్ధతిని సరుకుల లెక్కకి కూడా వాడుకోవచ్చు. సరే, మీ సంఘం పుస్తకం ఎవరి దగ్గర ఉంటుంది?”

“మా లీడరు దగ్గర.”

“ఆవిడ రాత్రికి రాత్రి ఒక అంకె దిద్దేస్తే?”

“ఎలా దిద్దుతుందిరా? మా అందరి దగ్గరా పాసు పుస్తకాలున్నాయి. పైగా ప్రతి మీటింగులోనూ పోయినసారి నిల్వ ఎంతో పైకి చదివి, దాని కిందే ఈసారి లెక్క మొదలెడతాం. వెనకాల ఒక్క అంకె మారితే ముందున్నవన్నీ తప్పుతాయి.”

“బ్లాక్‌చెయిన్ అంటే అదే పిన్నీ!”

అప్పుడు నాకు సగం అర్థమైంది. మిగతా సగం వాడు కాగితం మీద గీసి చెప్పాడు. మీకూ చెబుతాను, చూడండి.

సరుకు ఒక చేయి మారినప్పుడల్లా ఒక పేజీ రాస్తారు. ఎవరిచ్చారు, ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు, ఎంత. ఆ పేజీ మొత్తాన్నీ కంప్యూటరు ఒక లెక్కలో వేసి పొడవాటి అంకె ఒకటి తీస్తుంది. అది ఆ పేజీకి వేలిముద్ర లాంటిది. పేజీలో ఒక్క అక్షరం మార్చినా వేలిముద్ర పూర్తిగా మారిపోతుంది. తర్వాతి పేజీ రాసేటప్పుడు ముందు పేజీ వేలిముద్రను దాని నెత్తిన వేస్తారు. అలా ఒకదానికొకటి ముడిపడి గొలుసవుతుంది. ఆ గొలుసు నకలు ఒక్కరి దగ్గర కాదు, రైతు సంఘం, గోదాము, ఎగుమతిదారు, దుకాణం... ఇలా చాలామంది కంప్యూటర్లలో ఉంటుంది. ఒకరు తమ నకలు దిద్దుకున్నా, మిగతా నకళ్లతో కలవదు. దొంగ వెంటనే దొరికిపోతాడు.

“కొరియరు వాళ్లు కూడా నంబరిచ్చి ఎక్కడుందో చూపిస్తారు కదా?” అని మా ఆడపడుచు అడిగింది. మంచి ప్రశ్నే! ఆ పుస్తకం కొరియరు కంపెనీ ఒక్కదానిదే. వాళ్లు ‘అందజేశాం’ అని రాస్తే మనం నమ్మాల్సిందే. గొలుసు పద్దుకి ఒక యజమాని ఉండడు. అదీ తేడా! వ్యాపారాల్లో వాడే గొలుసులో మాత్రం ఊళ్లో వాళ్లంతా రాయడానికి లేదు. ఆ సరుకుతో సంబంధం ఉన్న సభ్యులకే ఆ వీలుంటుంది.

మన కొండల కాఫీ దారి

ఇదంతా ఎక్కడో అమెరికాలో సంగతి అనుకున్నాను. కాదట. మా ఊరి మీదుగా మాడుగుల దాటి ఘాట్ ఎక్కితే పాడేరు. అక్కడ మిరియాల తీగలు అల్లుకున్న సిల్వర్ ఓక్ చెట్ల నీడన గిరిజన కుటుంబాలు కాఫీ పండిస్తాయి. ఎర్రగా పండిన పళ్లను ఒక్కొక్కటిగా చేత్తో కొయ్యాలి. ఆ పనిలో ఎక్కువగా కనిపించేది ఆడవాళ్లే. ఆ కాఫీకే ‘అరకు వ్యాలీ అరబికా’ పేరుతో 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

సరిగ్గా అదే ఏడాది మార్చి 28న కేంద్ర వాణిజ్య శాఖ, కాఫీ బోర్డు కలిసి బ్లాక్‌చెయిన్ మీద నడిచే కాఫీ అంగడిని ప్రయోగంగా ప్రారంభించాయి. ఎకా ప్లస్ అనే సంస్థ సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. రైతు తోట ఎక్కడుంది, ఎంత ఎత్తులో ఉంది, ఏ పంట, ఏ ధ్రువపత్రాలున్నాయి... ఇవన్నీ మొదటి పేజీలో నమోదు చేస్తారు. ఆ తర్వాత ఆ సరుకు చేతులు మారినకొద్దీ పేజీలు చేరతాయి. మొదట్లో చేరింది రైతులు, ఎగుమతిదారులు, దిగుమతిదారులు, కాఫీ వేయించేవాళ్లు అందరూ కలిసి ఇరవై మంది దాకా మాత్రమే. మన దేశంలో కాఫీ రైతులు మూడున్నర లక్షల పైచిలుకు. అందులో నూటికి 98 మంది చిన్న రైతులే! కాబట్టి అది సముద్రంలో చెంబుడు నీళ్లే అనుకోండి. అయినా ఆలోచన మంచిదే. తాగేవాడికి రైతు కనిపిస్తే, మధ్యలో పోయే డబ్బు కొంతైనా రైతుకి మిగులుతుందన్నది దాని ఉద్దేశం.

అదే 2019లో మన రాష్ట్రంలో చెరువుల్లో పెంచిన రొయ్యలు అమెరికా చేరేదాకా జాడ తెలిసేలా వాల్‌మార్ట్ కంపెనీ ఇక్కడి సంధ్యా ఆక్వా సంస్థతో కలిసి, ఐబీఎం వాళ్ల గొలుసు పద్దులో నమోదు చేయించింది. 2021 ఏప్రిల్‌లో సుగంధ ద్రవ్యాల బోర్డు, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి విభాగం ఒప్పందం చేసుకుని, మన రాష్ట్రంలోని కొన్ని జిల్లాల్లో మూడు వేల మందికి పైగా మిరప, పసుపు రైతులతో ఇలాంటి ప్రయోగమే తలపెట్టాయి. చూశారా... మన వంటింటి పోపుల పెట్టెలోకి కూడా వచ్చేసిందన్నమాట!

ఇంత హడావుడి ఎందుకంటారా? వాల్‌మార్ట్ వాళ్లే ఓసారి పరీక్ష పెట్టుకున్నారు. అమెరికాలోని తమ కొట్లో అమ్మే మామిడి ముక్కల పొట్లం ఒకటి తీసి, ‘ఈ కాయ ఏ తోటలోదో చెప్పండి’ అన్నారు. కాగితాలు, ఫోన్లు, పాత పద్ధతి... ఆరు రోజుల 18 గంటల 26 నిమిషాలు పట్టింది. గొలుసు పద్దులో చూస్తే 2.2 సెకన్లు! తిండి పాడై జనం జబ్బు పడితే, ఏ తోట సరుకు ఆపాలో ఆ క్షణంలో తెలియాలి కదా. లేకపోతే పాపం తప్పు చెయ్యని రైతుల సరుకు కూడా పారబోస్తారు. మా పెట్టె విషయంలో జరిగింది అదే. ఎవరో చేసిన తప్పుకి మా బెల్లం మొత్తం చెడ్డదైంది.

అందరూ రాస్తేనే గొలుసు

ఇదేదో మంత్రదండం అనుకోకండి. నేనూ మొదట అలాగే అనుకున్నాను.

మెర్స్క్ అని డెన్మార్క్ ఓడల కంపెనీ ఉంది. అదీ ఐబీఎమ్మూ కలిసి 2018లో ‘ట్రేడ్‌లెన్స్’ పేరుతో ఓడల్లో వెళ్లే కంటైనర్ల కోసం పెద్ద గొలుసు పద్దు పెట్టాయి. రేవులు, కస్టమ్స్ వాళ్లు, ఇతర ఓడల కంపెనీలు అందరూ అందులో రాయాలి. ఎంతో ఖర్చు పెట్టారు. కానీ అనుకున్నంతగా అందరూ కలిసిరాలేదు. 2022 నవంబరులో మూసేస్తున్నామని ప్రకటించారు. పదిమందిలో ముగ్గురే పాసు పుస్తకం రాస్తే సంఘం లెక్క తేలుతుందా? ఇదీ అంతే.

ఇంకో సంగతి. ఐరోపా వాళ్లు 2023లో ఒక చట్టం చేశారు. అడవి నరికిన భూమిలో పండలేదని, ఏ పొలంలో పండిందో చూపించి రుజువు చేస్తేనే కాఫీ లాంటి సరుకులు తమ దేశాల్లోకి రానిస్తారు. అమలు తేదీ వాయిదా పడింది గానీ, చట్టం అయితే ఉంది. అంటే రేపు కొండమీద అరెకరం తోట ఉన్న గిరిజన రైతుకి కూడా తన తోట ఎక్కడుందో కంప్యూటరులో చూపించాల్సిన అవసరం వస్తుంది. ఆ నమోదు ఎవరు చేస్తారు? ఏ ఫోనులో? ఏ పేరు మీద? పళ్లు కోసేది ఆవిడ, పట్టా ఆయనది, ఫోను కొడుకు చేతిలో... అయితే గొలుసు మొదటి పేజీలో ఆవిడ పేరే ఉండదు. ఈ మాట అధికారులు, కంపెనీలు ఆలోచించాలి. మనం అడగాలి కూడా.

ఆ రోజు నేను మా అబ్బాయిని అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న అడిగాను. “రాసేటప్పుడే అబద్ధం రాస్తే?”

వాడు కాసేపు మాట్లాడలేదు. “దానికి మందు లేదు పిన్నీ. తర్వాత దిద్దకుండా ఆపుతుంది గానీ, మొదటి మాట నిజమో కాదో యంత్రానికి తెలీదు.”

మా మూడు చీటీలు

మాకు కంప్యూటరు గొలుసు పెట్టుకునే స్తోమతు లేదు. కానీ ఆలోచన తీసుకోవడానికి డబ్బులెందుకు? కార్బన్ కాగితం పెట్టిన చీటీల పుస్తకం ఒకటి కొన్నాం. ప్రతి పెట్టెకీ ఒక అంకె. వండిన తేదీ, ఎవరి తోట చెరకు, ఎన్ని అచ్చులు, ‘మందు కలపలేదు’ అన్న మాట. మూడు నకళ్లు. ఒకటి మా దగ్గర, ఒకటి వ్యాను అబ్బాయి దగ్గర, ఒకటి పెట్టెలో. చేయి మారిన చోటల్లా తీసుకున్నవాళ్లు సంతకం పెట్టాలి. పెట్టె మూతమీద అంటించిన కాగితం చిరిగితే తీసుకోవద్దని దుకాణదారుకి చెప్పాం.

మొదట వ్యాను అబ్బాయి విసుక్కున్నాడు. “పది పెట్టెలకి ఇన్ని సంతకాలేటక్కా?” అన్నాడు. తర్వాత తనే, “ఇప్పుడు నామీద మాట రాదు కదా” అని సర్దుకున్నాడు. పాత దుకాణదారు మళ్లీ ఆర్డరిచ్చాడు. ఆ సీజను హాయిగా గడిచింది.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో మళ్లీ ఫోను! “27వ నంబరు పెట్టె రంగు తేడాగా ఉందమ్మా.”

ఈసారి నాకు భయం వెయ్యలేదు. పైగా లోపల కొంచెం ఉత్సాహం కూడా... దొంగ దొరుకుతాడని! మూడు చీటీలూ తెచ్చి పక్కపక్కన పెట్టాం. అంకెలు కలిశాయి. సంతకాలు కలిశాయి. మూత కాగితం చిరగలేదు. అచ్చుల కింద గీత ఉంది. మా అచ్చే. మా బెల్లమే.

తేదీ చూశాను. ఆ రోజు మా తమ్ముడి కూతురి పెళ్లికి నేనూ, మా అత్తగారూ మాడుగుల వెళ్లాం. పెనం దగ్గర కూలికి వచ్చిన వంటమనిషి ఒక్కడే ఉన్నాడు. పిలిచి అడిగితే తల వంచుకున్నాడు. ఆ రోజు చెరకు కోసి రెండు రోజులైందట, పాకం నల్లబడిందట, ‘అమ్మగారు తిడతారని’ జేబులో ఉన్న మందు చిటికెడు వేశాడట.

మరి చీటీ మీద ‘మందు కలపలేదు’ అని రాసిందెవరు? నేనే! పెళ్లికి వెళ్లే తొందరలో ముందురోజు రాత్రే పది చీటీలు రాసి పెట్టేశాను. పెనం వెలగకముందే సాక్ష్యం చెప్పేశానన్నమాట!

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చెప్పకుండా ఊరుకుంటే? గోదాములో మారిందేమో అంటే? పాత కథ ఉంది కాబట్టి నమ్మేవారే. పొద్దున్న లేచి మా అత్తగారికి చెప్పాను. ఆవిడ ఎక్కువ మాట్లాడలేదు.

“మనమీద మాటొస్తే మూడ్రోజులు తిరిగాం. ఇప్పుడు తప్పు మనదైతే ఒక్క ఫోను సెయ్యలేమా?”

చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ రోజు వండిన పెట్టెలు నాలుగూ వెనక్కి తెప్పించి, డబ్బు తిరిగిచ్చాం. నష్టం ఆరుగురం పంచుకున్నాం. దుకాణదారు కాసేపు ఊరుకుని, “సరేనమ్మా, వచ్చేవారం సరుకు పంపండి” అన్నాడు. అంతే!

వేలిముద్ర

ఇప్పుడు మా చీటీ మీద ఆ మాట ముందుగా రాయం. పెనం దించాక, దగ్గరుండి చూసిన మనిషే రాసి సంతకం పెట్టాలి. మా అత్తగారికి రాయడం రాదు. మేం రాసింది చదివి వినిపిస్తే, ఆవిడ ఇంకు బొట్టులో బొటనవేలు ముంచి ముద్ర వేస్తారు. “నాను సూసినదాని మీదే ఎయ్యి యేస్తాను, సూడనిదాని మీద యెయ్యను” అంటారు. ఆవిడ ఊళ్లో లేనిరోజు, ఇంకొకరు దగ్గర లేకపోతే, ఆ రోజు వంటే లేదు.

కంప్యూటరు గొలుసులు రేపు మా ఊరి బెల్లానికీ వస్తాయేమో. రావాలనే నా కోరిక. మందు వెయ్యని నల్ల బెల్లానికి ధర రావాలంటే, కొనేవాళ్లకి మా పెనం కనపడాలి. అయితే ఆ గొలుసు మొదటి పేజీ రాసేది మాత్రం పెనం దగ్గర చెమటోడ్చిన మనిషే కావాలి. ఆ మనిషి పేరు మీదే!

మీరూ ఇలా చేసి చూడండి

పచ్చళ్లు, అప్పడాలు, బట్టలు... ఇంట్లో తయారుచేసి బయటికి పంపే సోదరీమణులకు మా అనుభవంతో చెబుతున్న నాలుగు మాటలు:

* ప్రతి పెట్టెకీ, పొట్లానికీ ఒక అంకె వెయ్యండి. ‘ఒక లోడు’, ‘కొన్ని’ అని రాయవద్దు.
* చీటీ కనీసం మూడు నకళ్లుండాలి. ఒక్కరి దగ్గరే ఉన్న పుస్తకం తగవు తీర్చదు.
* సరుకు చేయి మారిన చోటే, అప్పుడే, సంతకం తీసుకోండి. ‘తర్వాత పెడతాలే’ అంటే ఇవ్వవద్దు.
* తప్పు రాస్తే కొట్టేసి దిద్దవద్దు. కింద కొత్త వరుసలో సరైనది రాసి, తేదీ వెయ్యండి. పాతది కనపడుతూనే ఉండాలి.
* కళ్లతో చూడనిది ముందుగా రాయకండి. ఇది నాలుగింటికి పైన ఐదోది. మాకు నాలుగు పెట్టెల బెల్లం ఖర్చయ్యాక తెలిసింది!